మోకాళ్ళ నొప్పికి జలగల చికిత్స: చేయించుకున్నవారు ఉంటే చెప్పండి

బ్రాడీపేట_భాస్కర్
మా అమ్మకు 66 ఏళ్ళు. ముప్పై ఏళ్ళపాటు బడిలో నిలబడి పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు వంటింట్లో పది నిమిషాలు నిలబడలేకపోతోంది. ఎడమ మోకాలి బాధ ఎక్కువ, కుడిది కొంత నయం. ఎక్స్‌రే చూసి అరుగుదల మూడో దశలో ఉందన్నారు. ఆపరేషన్ ఇప్పుడే అక్కరలేదు గానీ ఎప్పటికైనా తప్పకపోవచ్చన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి అమ్మ సరిగా అన్నం తినడం లేదు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. మొన్నటి రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ కూడా ఎక్కువగా వచ్చింది, ఆ మాత్రలు మానేయమన్నారు. మానేసి ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

విజయవాడలో మా పిన్ని ఇంటి పక్కన ఉండే ఆవిడ మోకాలికి జలగలు పట్టించుకుని, ఇప్పుడు నేల మీద కూర్చుని లేస్తున్నారట. అది విన్నప్పటి నుంచి అమ్మ ఆ మాటను వదలడం లేదు. దసరాలోగా చేయించుకుని, దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కి వస్తానంటోంది. నాకు భయంగా ఉంది. మోకాలికే చేయించుకున్నవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఎంత రక్తం పోతుంది? ఎన్నిసార్లు పట్టిస్తారు? తగ్గిన నొప్పి ఎన్నాళ్ళు తగ్గి ఉంది?

మిర్చియార్డు
చిన్నప్పుడు గేదెలను కడగడానికి చెరువులో దిగితే కాళ్ళకు రెండు మూడు పట్టేవి. ఉప్పు రాసి ఊడదీసేవాళ్ళం. మా తాతయ్యకు కూడా మోకాళ్ళ నొప్పులే, అదే చెరువులో రోజూ దిగేవాడు. ఆ జలగలకు ఆయన మోకాలు ఎక్కడుందో తెలియలేదు కాబోలు, ఎప్పుడూ పిక్కలే పట్టుకునేవి.

పటమట_పద్మ
నేను చేయించుకున్నాను భాస్కర్ గారూ. నాకు 58. కుడి మోకాలు. వారానికి ఒకసారి చొప్పున నాలుగుసార్లు, ప్రతిసారీ నాలుగు జలగలు.

ముందురోజు నుంచే ఆ కాలికి సబ్బు, నూనె, వాసన వచ్చే పూతలు ఏవీ రాయవద్దన్నారు. వాసన ఉంటే జలగ పట్టదట. ఉదయం తేలికగా తిని వెళ్ళాను. మోకాలిని మంచినీళ్ళతో కడిగి, నొప్పి ఎక్కువగా ఉన్న చోట ఒక్కొక్కటీ పెట్టారు. ఒకటి ఎంతకీ పట్టలేదు, చర్మం మీద సూదితో చిన్న గాటు పెట్టి రక్తపు చుక్క కనిపించేలా చేస్తే అప్పుడు పట్టింది. కుట్టినప్పుడు గండుచీమ కుట్టినంత చురుకు, ఆ తరువాత ఏమీ తెలియదు. పైన తడిబట్ట కప్పి నీళ్ళు చిలకరిస్తూ ఉన్నారు. ముప్పావుగంటకు వేలంత లావై, వాటంతట అవే రాలిపోయాయి. నేను మొదటి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకునే ఉన్నాను. తరువాత నర్సమ్మతో వాళ్ళ అమ్మాయి పెళ్ళి విషయాలు మాట్లాడుతూ కూర్చున్నాను.

అసలు సంగతి ఇంటికి వచ్చాక. కుట్టిన చోటు నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. మొదటిసారి రాత్రి పదకొండు దాకా ఆగలేదు. రెండుసార్లు కట్టు మార్చాను. ముందే చెప్పారు కనుక సరిపోయింది, చెప్పకపోయి ఉంటే ప్రాణం పోయినంత భయపడేదాన్ని. తరువాత వారం రోజులు ఒకటే దురద.

ఫలితం అడిగారు. రెండోసారి తరువాత రాత్రి నొప్పి పోయింది. పొద్దున లేవగానే కాలు బిగుసుకుపోవడం బాగా తగ్గింది. మెట్లు మాత్రం మెట్లే. ఎక్కడం కొంత నయం, దిగడం అంతకు ముందులాగే ఉంది. నాలుగు నెలలు హాయిగా ఉన్నాను. ఇప్పుడు ఐదో నెల, మెల్లగా మళ్ళీ మొదలవుతోంది.

తెనాలి_అల్లుడు
పద్మ గారి అనుభవాన్ని కాదనను. కానీ ఇది కొత్త సంగతి కాదు. రెండు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో జ్వరానికీ జలగే, తలనొప్పికీ జలగే. 1833లో ఒక్క ఫ్రాన్సు దేశమే నాలుగు కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకుంది. అంత రక్తం పీల్చినా జనం రోగాలు తగ్గలేదు, చివరకు వాళ్ళే మానేశారు. మనం ఇప్పుడు దాన్ని మళ్ళీ తలకెత్తుకోవడం ఎందుకు?

ఆయుర్వేద_విద్యార్థిని
అల్లుడు గారూ, అన్ని జబ్బులకూ వాడడం తప్పు. ఆ తప్పు జలగది కాదు. 1985లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక పిల్లవాడి తెగిన చెవిని అతికించాక, లోపల రక్తం గడ్డకట్టి చెవి నల్లబడుతుంటే జలగలు పెట్టి కాపాడారు. 2004లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి శస్త్రచికిత్సల కోసం జలగల అమ్మకానికి అనుమతి కూడా ఇచ్చింది. ఆ అనుమతి మోకాళ్ళ నొప్పికి కాదన్న మాట కూడా నేనే చెబుతున్నాను.

మన దగ్గర దీనికి జలౌకావచరణం అని పేరు. సుశ్రుత సంహితలో సూత్రస్థానం 13వ అధ్యాయం మొత్తం దీని గురించే. పన్నెండు రకాల జలగలు, ఆరు విషం ఉన్నవి, ఆరు లేనివి. కపిల, పింగళ, శంకుముఖి లాంటివి పనికివచ్చేవి. జలగ సరిగా పట్టిందో లేదో తెలుసుకోవడానికి గుర్తు కూడా చెప్పాడు: నోరు గుర్రపు డెక్క ఆకారంలో ఉండాలి, మెడ పైకి లేచి ఉండాలి. దక్షిణాదిన ధన్వంతరి విగ్రహాల్లో ఒక చేతిలో జలగ ఉండేది ఇందుకే.

అయితే భాస్కర్ గారు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వాతంతో చెడిన రక్తాన్ని పీల్చి తీయడానికి కొమ్ము, పిత్తంతో చెడినదానికి జలగ, కఫానికి సొరబుర్ర అని సుశ్రుతుడి విభజన. వయసు మీద పడి మోకాలు అరగడాన్ని మేము సంధివాతం అంటాం. అంటే శాస్త్రం ప్రకారమే మోకాలి అరుగుదలకు జలగ మొదటి మందు కాదు. మోకాలు ఎర్రబడి, వేడిగా, వాచి ఉన్నప్పుడు మా ఆచార్యులు దాన్ని వాడతారు. ఏ వాపూ లేకుండా ఎముకలు రాసుకుంటూ కిర్రుమనే మోకాలికి అంతగా చెప్పరు. మీ అమ్మగారి మోకాలు వాచి ఉంటుందా, పొడిగా ఉంటుందా?

వన్‌టౌన్_రహీం
మా తాతగారు హకీం. యునానీలో దీన్ని ఇర్సాలె అలఖ్ అంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో మా ఇంటి వెనక మట్టికుండలో జలగలు ఉండేవి, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చడం నా పని. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళు పోస్తే చచ్చిపోతాయి, బావినీళ్ళే పోయాలి. ఒకరికి పట్టించిన జలగను ఇంకొకరికి పట్టించడం ఆయన ఎన్నడూ చేయలేదు. ఎక్కడికి వెళ్ళినా మొదట ఈ ఒక్క ప్రశ్న అడగండి భాస్కర్ గారూ. తడబడుతూ జవాబు చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పటమట_పద్మ
నేను వెళ్ళిన చోట నా పేరు రాసిన సీసాలో నా జలగలే ఉంచారు. నాలుగుసార్లూ అవే. చివరికి ఏం చేశారని అడగలేదు, ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

తెనాలి_అల్లుడు
శాస్త్రం, సంప్రదాయం సరే. మోకాలికి పనిచేస్తుందని ఎవరైనా కొలిచి చూశారా? పద్మ గారికి తగ్గింది, ఇంకొకరికి తగ్గలేదంటే మనం ఎవరి మాట పట్టుకోవాలి?

ఫిజియో_అరండల్‌పేట
కొలిచి చూశారు. జర్మనీలో మోకాలి అరుగుదల ఉన్న 51 మందితో చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. కొందరికి ఒకే ఒక్కసారి నాలుగు నుంచి ఆరు జలగలు పెట్టారు, మిగిలినవారికి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పూతగా నెల రోజులు ఇచ్చారు. వారం తిరిగేసరికి జలగల వాళ్ళకు నొప్పి స్పష్టంగా తగ్గింది. ఆ తరువాత నొప్పిలో తేడా అంతగా నిలవలేదు గానీ, కాలు బిగుసుకోవడం తగ్గడం, పనులు చేసుకోగలగడం మూడు నెలల దాకా మెరుగ్గా ఉన్నాయి. పద్మ గారు చెప్పింది దాదాపు ఇదే.

అందులో ఒక చిక్కు ఉంది. జలగ పట్టిందో లేదో రోగికి తెలియకుండా దాచలేం కదా. నమ్మకం వల్ల తగ్గింది ఎంత, జలగ వల్ల తగ్గింది ఎంత అని విడదీయడం కష్టం. పైగా మనుషులు తక్కువ. కాబట్టి కొన్ని నెలల ఉపశమనం రావచ్చు అనుకోండి, అంతవరకే. అరిగిన మృదులాస్థి జలగతో తిరిగి రాదు. అలా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

భాస్కర్ గారూ, అందరూ జలగల గురించి మాట్లాడుతున్నారు గానీ ఒక్క మాట ఎవరూ అడగలేదు. అమ్మగారు రోజూ వేసుకునే మాత్రలు ఏమిటి? అన్నీ రాయండి, ఒక్కటీ వదలకుండా.

బ్రాడీపేట_భాస్కర్
బీపీకి ఒకటి, షుగరుకు రెండు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు, దానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర. విద్యార్థిని గారు అడిగినదానికి: ఎడమ మోకాలు అప్పుడప్పుడు వాస్తుంది, ఎక్కువ నడిచిన రోజున.

కృష్ణలంక_కోడలు
భాస్కర్ గారూ, దయచేసి ఆగండి. తీసుకువెళ్ళకండి.

మిర్చియార్డు
స్టెంటు సంగతి మొదటే రాయవలసింది కదా గురువుగారూ!

బ్రాడీపేట_భాస్కర్
మోకాలి విషయం కదా, గుండె మాత్రలతో సంబంధం ఉంటుందని తోచలేదు. పిన్ని, నేను కలిసి ఆ జలగలు పట్టించే చోటికి ఫోన్ చేసి వివరాలు కనుక్కున్నాం. అక్కడ కూడా ఎవరూ అడగలేదు. ఏ వారం ఖాళీ అని మాత్రమే చెప్పారు.

కృష్ణలంక_కోడలు
మా ఇంట్లో జరిగింది చెబుతాను, పెద్దగా ఉంటుంది, చదవండి.

మా మామయ్యగారికి గుండె కవాటం మార్చారు. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ జీవితాంతం వేసుకోవాలి. పోయిన ఏడాది మోకాళ్ళ నొప్పికి ఎవరో చెబితే, మాకు చెప్పకుండా ఒక్కరే ఆటోలో వెళ్ళి జలగలు పెట్టించుకుని వచ్చారు. ఎక్కడన్నది రాయను, గొడవ పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఏ మందులు వాడుతున్నారని అక్కడ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సాయంత్రానికి కట్టు తడిసింది. మార్చాం. గంటకు మళ్ళీ తడిసింది. కొంచెం కారుతుందని చెప్పారమ్మా అంటూ ఆయనే మాకు ధైర్యం చెప్పారు. రాత్రి రెండు గంటలకు బాత్రూముకు వెళదామని లేచి తూలి పడబోయారు. దీపం వేసి చూస్తే దుప్పటి, పరుపు, కింద చాప అంతా రక్తం. మా ఆయన, నేను చెరో పక్క పట్టుకుని కారులో ఎక్కించి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. దారంతా నా చేత్తో ఆ మోకాలిని అదిమి పట్టుకునే ఉన్నాను. అక్కడ రక్తం గడ్డకట్టే పరీక్ష చేస్తే, గడ్డకట్టడానికి ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ సమయం పడుతోందని తేలింది. రెండు చోట్ల కుట్లు వేశారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. నాలుగు రోజులకు ఇంటికి వచ్చారు.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ మనిషిని ఇప్పటికీ తప్పు పట్టలేకపోతున్నాను. రాత్రుళ్ళు నొప్పితో మూలిగేవారు, మేము విని కూడా మాత్ర వేసుకోండి మామయ్యగారూ అని చెప్పి పడుకునేవాళ్ళం. ఆ రోజు ఒక్కరే వెళ్ళడానికి అదే కారణం అనుకుంటాను.

పటమట_పద్మ
చదువుతుంటే చేతులు వణికాయి. నేను బాగుందని రాశాను గానీ నన్ను అడిగిన ప్రశ్నలు రాయలేదు, నాదే పొరపాటు. మొదటి రోజు జలగలు పెట్టనే లేదు. హిమోగ్లోబిన్, షుగరు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, పుండ్లు త్వరగా మానతాయా, ఏదైనా పడకపోవడం ఉందా అని కాగితం మీద రాసుకున్నారు. అప్పుడు విసుక్కున్నాను.

ఆయుర్వేద_విద్యార్థిని
పద్మ గారూ, అలా అడగడమే చికిత్సలో మొదటి భాగం. రక్తస్రావ స్వభావం ఉన్నవారికి, రక్తహీనులకు, గర్భిణులకు జలౌక పనికిరాదని మాకు మొదటే నేర్పుతారు. కృష్ణలంక అక్కా, మీ మామయ్యగారికి జరిగింది ఆయుర్వేదం కాదు. ఆ పేరు పెట్టుకున్న అజాగ్రత్త. మా వైపు వారు చేసిన పని కనుక నాకు సిగ్గుగా ఉంది.

ఫిజియో_అరండల్‌పేట
ఎందుకలా జరుగుతుందో చెబుతాను. జలగ లాలాజలంలో హిరుడిన్ అనే పదార్థం ఉంటుంది. 1884లో హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త దాని గుణాన్ని కనిపెట్టాడు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఒక్కో జలగ తాగేది ఐదు నుంచి పదిహేను మిల్లీలీటర్లే, అది పెద్ద లెక్క కాదు. అది వదిలేశాక గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా ఊరే రక్తమే ఎక్కువ. మామూలు మనిషికి అది దానంతట అది ఆగుతుంది. అప్పటికే రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేసుకుంటున్న మనిషికి ఆగడం కష్టం.

ఇంకొకటి. జలగ పొట్టలో ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది, తాగిన రక్తం అరగడానికి దానికి అది కావాలి. అది మన గాయంలోకి చేరితే చీము పట్టే ప్రమాదం ఉంది. అందుకే పెద్ద ఆసుపత్రుల్లో జలగలు పెట్టినప్పుడు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. షుగరు అదుపులో లేనివారికి ఈ భయం ఇంకా ఎక్కువ.

బ్రాడీపేట_భాస్కర్
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. అయితే ఆ రెండు మాత్రలు వారం రోజులు ఆపేస్తాను, అప్పుడు పెట్టించుకోవచ్చు కదా అంది.

ఫిజియో_అరండల్‌పేట
వద్దు, వద్దు. స్టెంటు ఉన్నవారు ఆ మాత్రలు సొంతంగా ఒక్కరోజు కూడా ఆపకూడదు. స్టెంటులో గడ్డకడితే గుండెపోటు వస్తుంది. అవి ఆపాలో, మార్చాలో గుండె డాక్టరు ఒక్కరే చెప్పాలి. మోకాలి నొప్పితో ఎవరూ చనిపోరు భాస్కర్ గారూ.

వన్‌టౌన్_రహీం
మా తాతగారి కాలంలో స్టెంట్లు లేవు. ఆయన ఉండి ఉంటే ఈ మాట వినగానే సంచి మూసేసి సలాం చెప్పి పంపేవారు.

తెనాలి_అల్లుడు
నేను మొదట చెప్పింది ఇదే. దారి తెలిసి ఉండగా డొంకలో పడడం ఎందుకు? మోకాలి మార్పిడి చేయించండి, అయిపోతుంది.

పటమట_పద్మ
ఆపరేషన్ మీకు మాటంత తేలిక అనుకుంటున్నారు. అరవై ఆరేళ్ళ మనిషి, షుగరు, గుండెకు స్టెంటు. భయం ఆమెది. కాలు ఆమెది. మనం అయిపోతుందని తేల్చేస్తే ఎలా?

మిర్చియార్డు
పద్మ గారూ, అల్లుడు గారూ ఇద్దరూ శాంతించండి. మా నాన్నకు రెండు మోకాళ్ళూ మార్పించాం, ఆరు నెలల తేడాతో. ఆయనకూ షుగరు ఉంది. డబ్బు గురించి భయపడే వారికి ఒక సంగతి: 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ల ధరకు కట్టడి పెట్టింది. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పన్ను వేరే. అంతకు ముందు లక్ష దాటి ఉండేది. ఆసుపత్రి గది, డాక్టరు ఖర్చులు వేరే లెక్క, వాటిని విడిగా రాయించుకుని చూసుకోవాలి.

మా నాన్న ఇప్పుడు యార్డుకు వచ్చి బస్తాల మధ్య తిరుగుతున్నారు. కానీ మొదటి నెల నరకం చూశారు. కాలు వంచే వ్యాయామం చేయిస్తుంటే పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. ఆ నెల ఇంట్లో ఒకరు పూర్తిగా ఆయనతోనే ఉండాలి. అది ఎవరో తేల్చుకున్నాకే తేదీ తీసుకోండి. ఆపరేషన్ తరువాత కూడా నేల మీద కూర్చోవద్దన్నారు, అమ్మగారికి అది ముందే చెప్పండి.

ఫిజియో_అరండల్‌పేట
జలగకూ ఆపరేషన్‌కూ మధ్య చాలా దారి ఉంది, మన వాళ్ళు దాని మీద నడవకుండానే అటో ఇటో దూకుతారు. నాకు రోజూ కనిపించేది ఇదే, అందుకే కొంచెం గట్టిగా రాస్తున్నాను.

తొడ ముందు కండరం మోకాలికి ఆసరా. నొప్పి ఉందని కదలకుండా కూర్చుంటే ఆ కండరం సన్నబడుతుంది, దానితో నొప్పి ఇంకా పెరుగుతుంది. అమ్మగారిని మంచం మీద కాళ్ళు చాపి కూర్చోమనండి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి అదిమి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి. పదిసార్లు. పొద్దున, సాయంత్రం. వారం తరువాత కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా ఎత్తి నిలపడం. మొదటి పది రోజులు నొప్పి కొంచెం పెరిగినట్టు అనిపిస్తుంది, అక్కడే అందరూ మానేస్తారు.

బరువు ఎక్కువ ఉంటే, తగ్గిన ప్రతి కిలోకూ ఒక్కో అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గితే ఎంతో మీరే లెక్క వేసుకోండి. నేల మీద కూర్చోవడం, పీట మీద కూర్చుని కూరలు తరగడం, నేలబారు మరుగుదొడ్డి, ఈ మూడూ మానాలి. వంటింట్లో ఎత్తయిన స్టూలు పెట్టండి.

చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలో చాలామందికి తెలియదు. ఎడమ మోకాలు నొప్పి అయితే కర్ర కుడిచేతిలో ఉండాలి, ఎడమ కాలితో పాటు అది ముందుకు పడాలి. కర్ర పిడి చేయి కిందికి వేలాడేస్తే మణికట్టు మడత దగ్గరికి రావాలి.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకే కాదు, స్టెంటు ఉన్న గుండెకూ మంచివి కావు. పూతగా రాస్తే ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. అదైనా క్రియాటినిన్ సంగతి చెప్పి, డాక్టరును అడిగాకే.

బ్రాడీపేట_భాస్కర్
నిన్న గుండె డాక్టరుకు చూపించాం. జలగలు వద్దన్నారు. అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు గానీ, అమ్మ ముఖం చూసి కుర్చీ దగ్గరికి లాక్కుని, మీ బాధ నాకు తెలుసమ్మా, కానీ ఈ మాత్రలు మీ ప్రాణానికి కాపలా అన్నారు. పూతకు ఒప్పుకున్నారు, నెలకోసారి క్రియాటినిన్ చూపించమన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ నాతో మాట్లాడలేదు. సాయంత్రం నా ఫోను తీసుకుని ఈ చర్చ మొత్తం తనే చదివింది. చదివాక, రాసుకో అని చెప్పి ఇది చెప్పింది. ఆమె మాటల్లోనే పెడుతున్నాను:

"నేను భాస్కర్ తల్లిని. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. కృష్ణలంక అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. మీ మామగారు ఎందుకు ఒక్కరే వెళ్ళారో నాకు తెలుసు తల్లీ. నొప్పి ఉన్నవాళ్ళు రోజూ నొప్పి అంటే ఇంట్లో వాళ్ళు అలసిపోతారు. వాళ్ళు అలసిపోవడం కనిపిస్తుంది. అప్పుడు చెప్పడం మానేస్తాం. నువ్వు ఆ రాత్రి మోకాలు అదిమి పట్టుకున్నావు కదా, అది చాలు, ఇంక బాధపడకు. నేను జలగలు పెట్టించుకోను. కర్ర మాత్రం పట్టుకోను. ఈ ఊళ్ళో వీధికి ఇద్దరు నా శిష్యులున్నారు, వాళ్ళు చూస్తే నాకు బాగుండదు."

కృష్ణలంక_కోడలు
అమ్మా, మీ మాట మా మామయ్యగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి, ఆవిడను ఒకసారి ఇంటికి రమ్మను అన్నారు.

తెనాలి_అల్లుడు
అమ్మా, నేను తొందరపడి రాశాను. మా అత్తగారికి కూడా ఇదే బాధ. ఆవిడను ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎంత నొప్పిగా ఉందో అడగలేదని ఇది చదివాక గుర్తొచ్చింది. జలగల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

మిర్చియార్డు
టీచరమ్మగారూ, కర్ర వద్దంటే గొడుగు పట్టుకోండి. గుంటూరు ఎండకు గొడుగు ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. కొయ్య పిడి ఉన్న పాతకాలపు పొడుగు గొడుగు.

ఫిజియో_అరండల్‌పేట
మొన కింద రబ్బరు బుడిపె బిగించండి, లేకపోతే నున్నటి గచ్చు మీద జారుతుంది. గొడుగు ఊచ బలంగా ఉందో లేదో కూడా చూడండి, పూర్తి బరువు మోపడానికి అది పనికిరాదు. మెట్ల దగ్గర, తడి ఉన్న చోట కర్రే వాడాలి అమ్మగారూ. ఈ ఒక్కటి మాత్రం నా మాట వినాలి.

వన్‌టౌన్_రహీం
కొండ మీదికి ఘాట్ రోడ్డులో బస్సు ఉంది కదా. మెట్లే ఎక్కాలన్న మొక్కు ఏమైనా ఉందా అమ్మగారికి?

బ్రాడీపేట_భాస్కర్
మొక్కు లేదు రహీం గారూ. నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ ఏటా మెట్లెక్కే వెళ్ళేవారు.

పటమట_పద్మ
ఐదో నెల దాటింది, నా మోకాలు మళ్ళీ మొదటికి వచ్చింది. పోయిన సోమవారం జలగల కోసం వెళ్ళాను. హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, ఇప్పుడు పెట్టం, మందు వాడి పెంచుకుని రమ్మని పంపేశారు. ఇదివరకు అయితే కోపం వచ్చేది. మూడు వారాలుగా ఫిజియో గారు చెప్పిన తువ్వాలు వ్యాయామం చేస్తున్నాను. మొదటి పది రోజులు నిజంగానే నొప్పి పెరిగింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించడం లేదు.

ఆయుర్వేద_విద్యార్థిని
పద్మ గారూ, మీ జలగలను ఏం చేశారో అడిగారా?

పటమట_పద్మ
అడిగాను. నాకు అయిపోయాక ఉప్పునీళ్ళలో వేసి చంపి, ఆసుపత్రి వ్యర్థాలతో పంపేశామన్నారు. ఇంకొకరికి పెట్టలేదు. పాపం అనిపించింది, నాలుగు నెలలు నన్ను నిద్రపోనిచ్చాయి కదా.

బ్రాడీపేట_భాస్కర్
అమ్మ పక్కనే ఉంది, పద్మ గారికి చెప్పమంటోంది: "తువ్వాలు నేనూ చుట్టాను, నా పన్నెండో రోజు. నొప్పి ఇంకా పెరిగే ఉంది. నీకు ఎన్నో రోజుకు తగ్గిందో తేదీతో సహా రాయి."

పటమట_పద్మ
పదమూడో రోజు అమ్మా. మంగళవారం. రేపు రాయండి.